ఇంగ్లిష్ గ్రామర్, సెంటెన్స్ కరెక్షన్: కడపలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం ఆరు దాటినాక మా మిద్దె మీద పది పన్నెండు మంది కూర్చుంటారు. కొందరు బ్యాంకు పరీక్షలకు, కొందరు ఎస్సెస్సీకి (పదో తరగతి కాదు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఉద్యోగ పరీక్షలు), ఒకరిద్దరు ఇంజనీరింగ్ వాళ్లు రాసే గేట్‌కు చదువుతున్నవాళ్లు. లెక్కలు, రీజనింగ్ వాళ్లంతట వాళ్లే చేసుకుంటారు. ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి అందరి మొహాలూ ఒకేలా అవుతాయి. నాలుగేళ్లుగా అవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఉదాహరణ వాక్యాలను కావాలనే తెలుగు లిపిలో రాశాను. ముందు పైకి చదివి చెవితో వినండి, తర్వాత మీ నోట్సులో ఇంగ్లిష్‌లో రాసుకోండి. స్పెల్లింగులు ఎక్కడ తడబడుతున్నాయో కూడా తెలిసిపోతుంది.

అన్నా, నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం. నాకు గ్రామర్ వస్తుందా?

వస్తుంది. ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. తెలుగు మీడియం పిల్లల దగ్గర ఒక పనిముట్టు ఉంది, వాళ్లు దాన్ని వాడరు. పదో తరగతిలో క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం అని చదివారు కదా. పరీక్ష రాసి అక్కడే వదిలేశారు. వాటిని ఇప్పుడు బయటికి తీయండి.

శత్రర్థకం అంటే ‘తూ’తో వచ్చేది. ‘రాము పాడుతూ పని చేశాడు’. పాడింది రామూనే, పని చేసిందీ రామూనే. మరి ‘బస్సులో వస్తూ వాన పడింది’ అని ఎవరైనా అంటే? వాన టికెట్ తీసుకుని బస్సులో వచ్చిందా అని నవ్వుతారు. ‘బస్సులో వస్తుంటే వాన పడింది’ అనాలి. ‘తూ’ ఉన్నచోట రెండు పనులకూ కర్త ఒకరే కావాలని మీకు ఎవరూ చెప్పకపోయినా తెలుసు. ఇప్పుడు ఇంగ్లిష్ వాక్యం చూడండి: ‘కమింగ్ బై బస్, ది రెయిన్ స్టార్టెడ్’. అదే తప్పు. దీన్నే కోచింగుల్లో డ్యాంగ్లింగ్ మాడిఫయర్ అని పెద్ద పేరు పెట్టి రెండు రోజులు చెబుతారు. ‘వైల్ ఐ వాజ్ కమింగ్ బై బస్, ది రెయిన్ స్టార్టెడ్’ అంటే సరిపోయింది.

క్త్వార్థకం, అంటే ‘తిని’, ‘వచ్చి’ లాంటిదీ అంతే. ‘సంగటి తిని బస్సెక్కాను’ బాగుంది. ‘సంగటి తిని బస్సు వెళ్లిపోయింది’ అంటే సంగటి తిన్నది బస్సు. ‘హావింగ్ ఈటెన్ లంచ్, ది బస్ లెఫ్ట్’ అన్నది అట్లాంటి వాక్యమే. పరీక్షలో కామా ముందు ‘హావింగ్’ కనబడితే, కామా తర్వాత ఎవరున్నారో చూడండి. వాళ్లు తినగలిగినవాళ్లేనా?

చేదర్థకం ‘తే’. ‘నువ్వు వస్తే నేను వస్తాను’. మొదటి సగంలో భవిష్యత్తు లేదు, రెండో సగంలోనే ఉంది. ఇంగ్లిష్‌లోనూ ‘ఇఫ్ యు కమ్, ఐ విల్ కమ్’. అయినా ‘ఇఫ్ యు విల్ కమ్’ అని రాసేవాళ్లు ప్రతి బ్యాచిలో ముగ్గురు ఉంటారు. తెలుగులో ఎప్పుడూ చేయని తప్పును ఇంగ్లిష్‌లో చేస్తున్నామంటే, ఆ వాక్యాన్ని అర్థం కోసం కాకుండా భయంతో చదువుతున్నామని.

ఇంకొకటి. ‘పిల్లలతో పాటు టీచరమ్మ వచ్చింది’. పిల్లలు ముప్పై మంది ఉన్నా క్రియ ‘వచ్చింది’ అనే ఉంటుంది, ‘వచ్చారు’ కాదు. ఇంగ్లిష్‌లో ‘ది టీచర్, అలాంగ్ విత్ ది స్టూడెంట్స్, హాజ్ కమ్’. ‘అలాంగ్ విత్’, ‘టుగెదర్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’ అన్నింటికీ ఇదే లెక్క. గౌరవం కోసం ‘టీచర్ గారు వచ్చారు’ అన్నామంటే లెక్క చెడుతుంది కాబట్టి, ఈ పోలిక చూసేటప్పుడు కాసేపు గౌరవం పక్కన పెట్టండి.

‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ కూడా తెలుగు వల్ల వచ్చిన తప్పు కాదు. ‘నా స్నేహితుల్లో ఒకడు’ అంటాం, ‘స్నేహితుడిలో ఒకడు’ అనం. బహువచనం మన మాటలోనే ఉంది. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్’.

అయితే తెలుగులో ఆలోచించి రాస్తే సరిపోతుందా? మా సార్ తెలుగులో ఆలోచించొద్దు అంటాడు.

మీ సార్ చెప్పింది సగం నిజం. తెలుగు కొన్నిచోట్ల చేయి పట్టుకుని నడిపిస్తుంది, కొన్నిచోట్ల గుంతలో పడేస్తుంది. ఆ గుంతలు ఎక్కడున్నాయో ముందే గుర్తు పెట్టుకుంటే చాలు. ఎక్కువేం లేవు.

అన్నింటికన్నా పెద్దది ‘నుంచి’. ‘రెండేళ్ల నుంచి’, ‘2019 నుంచి’ రెండింటికీ మనది ఒకటే మాట. ఇంగ్లిష్‌లో మొదటిది కాలం పొడవు, రెండోది మొదలైన చోటు. పొడవుకు ‘ఫర్’, మొదలుకు ‘సిన్స్’. దీంతోపాటు ఇంకో గుంత కలిసి ఉంటుంది. ‘ఇక్కడ పని చేస్తున్నాను’ అని మనం వర్తమానంలో అంటాం కాబట్టి ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అని వస్తుంది. ఒకే వాక్యంలో రెండు తప్పులు. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’. ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు ఈ వాక్యమంటే భలే ఇష్టం.

రెండోది ‘చూశాను’. ‘నిన్న చూశాను’, ‘ఇప్పటికే చూశాను’ రెండూ మనకు ఒకటే. ఇంగ్లిష్‌లో నిన్న, పోయిన వారం, 2015లో అని జరిగిన సమయం చెప్పేస్తే ‘హావ్’ రాకూడదు. నేను రాసిన మొదటి బ్యాంకు పరీక్షలో ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ లాంటి వాక్యానికి తప్పు లేదని పెట్టి, బయటికొచ్చి ఇంగ్లిష్ ఈజీగా వచ్చిందని అందరికీ చెప్పాను. రిజల్ట్ వచ్చాక తెలిసింది ఎంత ఈజీగా వచ్చిందో.

మూడోది విభక్తులు. కడపకు చేరాం, కాబట్టి ‘రీచ్డ్ టు కడప’ అంటాం. దాని గురించి చర్చించాం, కాబట్టి ‘డిస్కస్డ్ అబౌట్ ఇట్’. ఆమెతో పెళ్లయింది, కాబట్టి ‘మ్యారీడ్ విత్ హర్’. తిరిగి వచ్చాడు, కాబట్టి ‘రిటర్న్డ్ బ్యాక్’. నాకంటే సీనియర్, కాబట్టి ‘సీనియర్ ద్యాన్ మీ’. దాదాపు అన్నీ మన విభక్తులు ఇంగ్లిష్ చొక్కా తొడుక్కుని వచ్చినవే. ‘రీచ్డ్ కడప’, ‘డిస్కస్డ్ ఇట్’, ‘మ్యారీడ్ టు హర్’, ‘రిటర్న్డ్’, ‘సీనియర్ టు మీ’. వీటికి రూల్ వెతక్కండి, జంటలుగా బట్టీ పట్టడమే దారి. రోజుకు ఐదు జంటలు చాలు.

తర్వాత బహువచనాలు. సలహాలు, వార్తలు, సామాన్లు, వెంట్రుకలు అన్నీ మనకు లెక్కపెట్టేవే. ఇంగ్లిష్‌లో ‘అడ్వైస్’, ‘న్యూస్’, ‘లగేజ్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘ఫర్నిచర్’, ‘ఎక్విప్‌మెంట్’ లెక్కకు రావు. ‘న్యూస్’ చివర ‘స్’ ఉన్నా అది ఏకవచనమే, ‘ది న్యూస్ ఈజ్ గుడ్’.

‘కదా’ ఒకటి ఉంది. మనకు ఏ వాక్యం చివరైనా ‘కదా’ అతుకుతుంది. అందుకే అన్నింటికీ ‘ఈజంట్ ఇట్’ పెట్టేస్తాం. ఇంగ్లిష్‌లో తోక తలను బట్టి మారుతుంది: ‘హీ కేమ్, డిడంట్ హీ?’ ‘యు ఆర్ నాట్ కమింగ్, ఆర్ యు?’ ‘మాత్రమే’ కూడా చూసుకోండి. మనం దాన్ని మాట తర్వాత పెడతాం, పది రూపాయలు మాత్రమే. ఇంగ్లిష్‌లో ముందు రావాలి, ‘ఓన్లీ టెన్ రుపీస్’.

సబ్జెక్ట్ వెర్బ్ అగ్రిమెంట్ తెలుసు సార్, కానీ పరీక్షలో ఎప్పుడూ తప్పే. ఎందుకు?

ఇది బాగా ఆలోచించాల్సిన ప్రశ్న. రూల్ తెలిసీ తప్పు పోతోందంటే వాక్య నిర్మాణం దగ్గర ఏదో జరుగుతోంది.

‘చీనీకాయల బుట్ట బరువుగా ఉంది’ అని తెలుగులో అంటాం. అసలు మాట ‘బుట్ట’, అది క్రియకు దగ్గరగా ఉంది. చీనీకాయలు దూరంగా, ముందు ఉన్నాయి. కాబట్టి ‘ఉన్నాయి’ అనే పొరపాటు మనకు రానే రాదు. ఇంగ్లిష్ దీన్ని తిరగేస్తుంది: ‘ది బాస్కెట్ ఆఫ్ స్వీట్ లైమ్స్’. బుట్ట ముందుకు పోయింది, కాయలు క్రియ పక్కకు వచ్చి కూర్చున్నాయి. మన చెవి అలవాటుగా క్రియ పక్కన ఉన్న మాటనే కర్త అనుకుని ‘ఆర్ హెవీ’ అనేస్తుంది. తప్పు మీ తెలివిది కాదు, చెవి అలవాటుది.

మందు సులభం. ‘ఆఫ్’, ‘ఇన్’, ‘విత్’, ‘ఫ్రమ్’ మొదలైన చోటి నుంచి క్రియ దాకా ఉన్నదాన్ని వేలితో మూసేయండి. కంప్యూటర్ పరీక్షలో స్క్రీన్ మీద వేలు పెట్టినా ఎవరూ ఏమనరు. ‘ది బాస్కెట్ ... ఈజ్ హెవీ’. ఎంత పొడుగు వాక్యం ఇచ్చినా లోపల ఉండేది ఈ మూడు ముక్కలే: ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు.

‘ఎ నంబర్ ఆఫ్’, ‘ది నంబర్ ఆఫ్’ మాత్రం గుర్తుపెట్టుకోండి. మొదటిది ‘చాలామంది’, బహువచనం. రెండోది ‘సంఖ్య’, ఏకవచనం. ‘నైదర్ నార్’, ‘ఐదర్ ఆర్’ వచ్చినప్పుడు క్రియకు దగ్గరున్నదే గెలుస్తుంది. ఇక్కడొక్కచోట మన చెవి అలవాటు పనికొస్తుంది.

‘ఎ’ ఎక్కడ, ‘యాన్’ ఎక్కడ? ఇప్పటికీ కన్ఫ్యూజన్.

ఆ మాటను తెలుగు లిపిలో రాయండి. అచ్చుతో మొదలైతే ‘యాన్’, హల్లుతో మొదలైతే ‘ఎ’. అవర్, ఆనెస్ట్, ఎమ్మెల్యే, ఎక్స్‌రే: అన్నీ అచ్చులే, ‘యాన్’. యూనివర్సిటీ, యూరోపియన్: మొదట ‘య’, హల్లు, ‘ఎ’. వన్-రుపీ నోట్: ‘వ’, హల్లు, ‘ఎ’. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి మోసపోయేవాళ్లను మన వర్ణమాల కాపాడుతుంది. ఉచ్చారణను బట్టి రాసే లిపి మనది, ‘ఎ’, ‘యాన్’ రూల్ కూడా ఉచ్చారణదే.

ఒకచోట ఈ చిట్కా పని చేయదు. ‘సంవత్సరం’ అనే మాటనూ ‘చెవి’ అనే మాటనూ మనం ‘ఇయర్’ అనే రాస్తాం. సంవత్సరానికి మొదట ‘య’ ధ్వని ఉంది, కాబట్టి ‘ఎ’. చెవికి ‘యాన్’. ఇక ‘ఇస్కూలు’, ‘ఇస్టేషను’ అనే అలవాటు ఉంటే ముందు అది మానుకోండి, లేకపోతే ‘యాన్ స్కూల్’ అని రాస్తారు. మా నాన్న జీవితాంతం ఇస్టేషను అనే అన్నాడు, అది వేరే సంగతి, ఆయన ఎస్సెస్సీ రాయలేదు.

‘ది’ ఎప్పుడు పెట్టాలన్నది నిజంగా కష్టం. మన భాషలో అది లేదు. వినేవాడికి ఏ వస్తువు గురించో ముందే తెలుసా అని మిమ్మల్ని మీరే అడగండి. తెలిస్తే ‘ది’. నదులు, సముద్రాలు, పర్వత శ్రేణుల ముందు ఉంటుంది: ‘ది పెన్నా’, ‘ది హిమాలయాస్’. ఊళ్ల పేర్ల ముందు ఉండదు. మిగతాది చదవగా చదవగా చెవికి పట్టాలి.

ఏ పరీక్షలో ఎంత ఇంగ్లిష్ ఉంటుంది?

ఎస్సెస్సీ సీజీఎల్ (డిగ్రీ చదివినవాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) మొదటి దశ టైర్-1లో 100 ప్రశ్నల్లో 25 ఇంగ్లిష్, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పుకు అర మార్కు పోతుంది. టైర్-2లో 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పుకు 1 మార్కు పోతుంది. 135 మార్కులంటే అక్కడ ఇంగ్లిష్‌ను వదిలేసి ఉద్యోగం తెచ్చుకోవడం కుదరదు. బ్యాంకు ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్‌లో 30 ప్రశ్నలకు విడిగా 20 నిమిషాలు, తప్పుకు పావు మార్కు. సైన్యంలో అధికారుల ఎంపికకు పెట్టే సీడీఎస్ ఇంగ్లిష్ పేపర్‌లో 120 ప్రశ్నలు, 2 గంటలు, మూడో వంతు కోత. గేట్‌లో 100కు 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్, అందులో వెర్బల్ ఒక భాగం. మన రాష్ట్ర గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లిష్ పేపర్ అర్హతకే, ర్యాంకుకు కలవదు. బిట్లు కూడా ఉండవు, రాయాలి. ప్యాటర్న్‌లు మారుతుంటాయి కాబట్టి మీ నోటిఫికేషన్ తెరిచి చూసుకునే మొదలుపెట్టండి.

ఎంబీయే సీట్లకు రాసే జీమ్యాట్‌కు సెంటెన్స్ కరెక్షన్ ఎట్లా ప్రాక్టీస్ చేయాలి?

చేయక్కర్లేదు. 2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో సెంటెన్స్ కరెక్షన్ తీసేశారు. పాత పరీక్ష 2024 జనవరి 31తో ఆగిపోయింది. ఇప్పుడు వెర్బల్‌లో ఉన్నది రీడింగ్ కాంప్రహెన్షన్, క్రిటికల్ రీజనింగ్. సెకండ్ హ్యాండ్ పుస్తకాలు కొనేవాళ్లు ఏ ఏడాదివో చూసుకోండి. అయితే ఆ పాత బిట్లు పారేయొద్దు. పొడుగు వాక్యాలను విప్పడానికి అంత మంచి సాధన వేరే దొరకదు, ఎస్సెస్సీ వాళ్లు వారానికి పది చేసినా లాభమే.

వాక్యం కనబడగానే ముందు ఏం చూడాలి?

క్రియ. తర్వాత దాని కర్త. తర్వాత కాలం చెప్పే మాట, ‘యెస్టర్‌డే’, ‘సిన్స్’, ‘బై నెక్స్ట్ ఇయర్’ లాంటిది. ఈ మూడింటితో సగానికి పైగా బిట్లు తేలిపోతాయని నా అనుభవం. అక్కడ తప్పు దొరక్కపోతే జంట మాటలు చూడండి. ‘నో సూనర్’ ఉంటే ‘ద్యాన్’ ఉందా? ‘హార్డ్‌లీ’ ఉంటే ‘వెన్’ ఉందా? ‘ఆల్‌దో’ ఉండి ‘బట్’ కూడా ఉందా? ఈ మూడోది మన అలవాటే. ‘వాన పడినా కానీ ఆడారు’ అని మాట్లాడతాం కదా, రెండు అతుకులు. ఇంగ్లిష్ ఒకటే ఒప్పుకుంటుంది.

ఆ తర్వాత వరస. ‘షీ లైక్స్ రీడింగ్, కుకింగ్ అండ్ టు స్విమ్’ అన్నప్పుడు మూడో మాట మిగతా రెండింటిలా లేదు. ‘స్విమ్మింగ్’ కావాలి. ఇది ప్యారలలిజమ్. ‘నాట్ ఓన్లీ’, ‘బట్ ఆల్సో’ తర్వాత వచ్చే ముక్కలు కూడా ఒకే రకంగా ఉండాలి.

సర్వనామాలు చివర చూడండి. ‘హీ’, ‘ఇట్’, ‘దెయిర్’ ఎవరిని సూచిస్తున్నాయో ఒక్క క్షణం అడగండి. జవాబు రెండు వస్తే అక్కడే తప్పు.

చెవికి బాగా వినిపిస్తే కరెక్టే అనుకోవచ్చా?

చెవి ఎవరి దగ్గర పెరిగిందన్న దాన్ని బట్టి. కడపలో, ఆ మాటకొస్తే దేశమంతా, ‘కజిన్ బ్రదర్’, ‘పాస్డ్ అవుట్ ఇన్ 2020’, ‘కోప్ అప్ విత్’, ‘ఆర్డర్డ్ ఫర్ టీ’ అందరి నోటా ఉన్నవే. మాట్లాడేటప్పుడు నేనూ అంటాను, సిగ్గేం లేదు. పరీక్ష వేరే ఇంగ్లిష్ అడుగుతుంది. అక్కడ ‘కజిన్’, ‘గ్రాడ్యుయేటెడ్’, ‘కోప్ విత్’, ‘ఆర్డర్డ్ టీ’. చెవిని నమ్మాలంటే ముందు దానికి మేత వేయాలి. రోజూ ఇంగ్లిష్ పత్రికలో ఒక సంపాదకీయం పైకి చదవండి. అర్థం సగమే కానీండి, చదవండి. మూడు నెలలకు తప్పు వినబడితే చెవి దానంతట అదే మొరాయించడం మొదలెడుతుంది.

‘నో ఎర్రర్’ (తప్పు లేదు) అనే ఆప్షన్ ఎప్పుడు పెట్టాలి? భయమేస్తుంది.

అది కూడా మిగతావాటిలా ఒక జవాబే. తప్పు కచ్చితంగా ఉండాలన్న పట్టుదలతో మంచి వాక్యాన్ని పాడు చేసేవాళ్లను చానామందిని చూశాను. తప్పని అనిపించినప్పుడు సరైన మాట ఏదో చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది తప్పు కాదు, అనుమానం. అనుమానానికి మార్కులు లేవు.

తెలియని బిట్లకు ఊహించి పెట్టొచ్చా?

లెక్క వేద్దాం. సీజీఎల్ టైర్-1లో నాలుగు ఆప్షన్లు, 2 మార్కులు, అర మార్కు కోత. కళ్లు మూసుకుని పెట్టినా సగటున 0.125 వస్తుంది, అంటే నష్టం లేదు, లాభమూ లేనట్టే. ఒక ఆప్షన్ కొట్టేయగలిగితే సగటు 0.33. రెండు కొట్టేస్తే 0.75. బ్యాంకు పరీక్షలో ఐదు ఆప్షన్లు, పావు కోత, గుడ్డిగా పెడితే సగటు సున్నా. టైర్-2లోనూ, సీడీఎస్‌లోనూ నాలుగు ఆప్షన్లకు మూడో వంతు కోత కాబట్టి మళ్లీ సున్నా. కాబట్టి ఒక్క ఆప్షనైనా కారణంతో కొట్టేయగలిగితే పెట్టండి. లేకపోతే ఆ అర నిమిషం ఇంకో బిట్టుకు ఇవ్వండి.

రోజుకు ఎన్ని బిట్లు చేయాలి? మా ఫ్రెండ్ రెండొందలు చేస్తాడంట.

మీ ఫ్రెండ్ రెండొందల జవాబులు చూస్తున్నాడు. నా మాట వింటే రోజుకు ముప్పై. ఇరవై నిమిషాలు టైమ్ పెట్టుకుని చేయండి, తర్వాత నలభై నిమిషాలు తప్పుల మీద కూర్చోండి. ఈ రెండో భాగమే చదువు.

దీనికి రూళ్ల నోట్‌బుక్ ఒకటి కావాలి. ఎడమవైపు మీరు తప్పు చేసిన వాక్యం, కుడివైపు సరైన వాక్యం, కింద ఒక్క లైను తెలుగులో: ఎందుకు తప్పాను? ‘సబ్జెక్ట్ వెర్బ్ అగ్రిమెంట్’ అని రాయొద్దు, అది రోగం పేరు. ‘ఆఫ్ తర్వాతి బహువచనం చూసి మోసపోయాను’ అని రాయండి. ‘నుంచి అన్నిటికీ సిన్స్ పెట్టాను’ అని రాయండి. నెల తిరిగేసరికి ఒకే కారణం పదిసార్లు కనబడుతుంది. మా మిద్దె మీదికి వచ్చే ఒకమ్మాయి నోట్‌బుక్‌లో నలభై తప్పుల్లో ఇరవై మూడు విభక్తులవే. ఆమె మిగతా చాప్టర్లన్నీ ఆపేసి పదిహేను రోజులు ప్రిపొజిషన్లే చేసింది. అందరూ మొదటి పేజీ నుంచి నౌన్‌తో మొదలుపెట్టి టెన్సెస్ దగ్గర ఆగిపోతారు, మళ్లీ కొత్త పుస్తకం కొని మళ్లీ నౌన్.

ఆదివారం పాత తప్పులను కుడివైపు మూసి మళ్లీ చేయండి. ఈసారి కూడా తప్పితే చుక్క పెట్టండి. మూడు చుక్కలున్న వాక్యాలను పరీక్షకు ముందు రోజు చూసుకుంటే చాలు, వేరే రివిజన్ అక్కర్లేదు.

కోచింగ్‌కు నంద్యాల పోవాలా?

బ్యాంకు కోచింగ్ అంటే మన సీమలో అందరి నోటా వచ్చే ఊరు నంద్యాలే. వెళ్లినవాళ్లు బాగుపడ్డారు, వెళ్లి ఖాళీగా వచ్చినవాళ్లూ ఉన్నారు. నేను డబ్బు కట్టిన ఒకచోట ఇంగ్లిష్‌కు దొడ్డు నోట్సు ఇచ్చి, చెప్పే సార్‌ను మూడుసార్లు మార్చారు. నెల చివరికి నోట్సు మాత్రం మిగిలింది. లెక్కలకు, వేగానికి, పక్కన పోటీపడేవాడు ఉండడానికి కోచింగ్ పనికొస్తుంది. ఇంగ్లిష్ ఒక్కదాని కోసమే అయితే హాస్టల్ ఖర్చు దండగ అంటాను. పాత ప్రశ్నపత్రాలు, ఒక గ్రామర్ పుస్తకం, పైన చెప్పిన నోట్‌బుక్, మీ తప్పులు వినే ఒక స్నేహితుడు ఉంటే ఇంట్లోనే అవుతుంది.

చదువుకునే చోటు కావాలంటే ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ పేరుతో ఉన్న గ్రంథాలయం ఒకసారి చూసి రండి. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. ఇక్కడే పండితులను పెట్టుకుని తెలుగు చదివాడు, 1840లో ఇంగ్లిష్‌లో తెలుగు వ్యాకరణం అచ్చు వేశాడు. మనకు ‘ది’ ఎంత తలనొప్పో, ఆయనకు మన విభక్తులు అంతే తలనొప్పి అయ్యుంటాయి.

ఏఐ యాప్‌ను అడిగితే జవాబు చెబుతోంది. నమ్మొచ్చా?

జవాబు చాలావరకు సరిగానే చెబుతుంది. అది చెప్పే కారణం ఒక్కోసారి గంభీరంగా ఉండి తప్పుగా ఉంటుంది. ముందు మీ జవాబు, మీ కారణం రాసుకున్నాకే అడగండి. రెండూ కలవకపోతే గ్రామర్ పుస్తకం తీయండి. ముందే అడిగేస్తే ఆ రోజు ప్రాక్టీస్ చేసింది యాప్, మీరు కాదు.

సబ్‌జంక్టివ్ (కోరిక, ఊహ చెప్పే క్రియారూపం), ఇన్వర్షన్ (క్రియ కర్త కన్నా ముందు రావడం) లాంటివి కూడా చదవాలా?

ఎస్సెస్సీకి కొంచెం. ‘ఐ విష్ ఐ వర్ యంగర్’, ‘ఇట్ ఈజ్ హై టైమ్ వి లెఫ్ట్’, ‘లెస్ట్’ తర్వాత ‘షుడ్’: ఇట్లాంటి నాలుగైదు మూసలు చాలు. బ్యాంకు వాళ్లు వాటిని చివరికి పెట్టుకోండి.

ఎన్ని నెలలు పడుతుంది?

టెన్సెస్ పునాది ఉన్నవాళ్లకు రోజూ గంట చొప్పున మూడు నెలలు. అది కూడా లేకపోతే ఆరు. రెండు వారాల్లో నేర్పిస్తామని గోడల మీద రాసేవాళ్లను చూసి నవ్వుకోండి.

కొన్ని బిట్లు ఇవ్వండి అన్నా, ఇప్పుడే చేస్తాం.

ఎనిమిది ఇస్తున్నాను. కింది జవాబులు మూసి చేయండి.

1. ది క్వాలిటీ ఆఫ్ ది టమాటోస్ ఫ్రమ్ మదనపల్లె హావ్ ఇంప్రూవ్డ్.
2. షీ ఈజ్ టీచింగ్ ఇన్ కడప సిన్స్ టెన్ ఇయర్స్.
3. నో సూనర్ డిడ్ ది బస్ స్టాప్ వెన్ ది ప్యాసింజర్స్ రష్డ్ అవుట్.
4. ఆల్‌దో హీ వాజ్ టైర్డ్, బట్ హీ ఫినిష్డ్ ది వర్క్.
5. స్టాండింగ్ ఆన్ ది గండికోట వాల్, ది పెన్నా లుక్డ్ లైక్ ఎ త్రెడ్.
6. ఈచ్ ఆఫ్ ది క్యాండిడేట్స్ వర్ గివెన్ ఎ హాల్ టికెట్.
7. హీ గేవ్ మీ మెనీ అడ్వైసెస్.
8. ది కలెక్టర్, యాజ్ వెల్ యాజ్ ది ఆర్డీవోస్, వాజ్ ప్రెజెంట్ ఎట్ ది మీటింగ్.

మొదటిదానిలో ‘ఆఫ్’ నుంచి మదనపల్లె దాకా వేలితో మూస్తే మిగిలేది ‘క్వాలిటీ’, కాబట్టి ‘హాజ్’. రెండోది ‘హాజ్ బీన్ టీచింగ్’, ‘ఫర్ టెన్ ఇయర్స్’. మూడోదానిలో ‘వెన్’ బదులు ‘ద్యాన్’. నాలుగోదానిలో ‘బట్’ తీసేయండి. ఐదోదానిలో గోడ మీద నిలబడింది పెన్నా నది అయింది, ‘యాజ్ ఐ స్టుడ్ ఆన్ ది గండికోట వాల్’ అని మొదలుపెట్టాలి. ఆరోదానిలో ‘ఈచ్’ ఏకవచనం, ‘వాజ్ గివెన్’. ఏడోది ‘ఎ లాట్ ఆఫ్ అడ్వైస్’. ఎనిమిదోదానిలో ‘వాజ్’ మార్చి ‘వర్’ పెట్టినవాళ్లు టీచరమ్మ, ముప్పై మంది పిల్లల దగ్గరికి మళ్లీ వెళ్లండి. అందులో తప్పు లేదు.